కారు లిఫ్ట్‌కి గ్యారేజ్ ఎత్తు: ప్లాన్ కాగితం మీద ఉండగానే చూసుకోవాల్సినవి

(డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కట్టించుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఒక ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీలో ఎంతమంది ఇంటి ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది? ఒకసారి చేతులెత్తండి. సరే, బాగానే ఉన్నారు. పునాది పోసేసినవాళ్లు? సరే. ఈరోజు మాటలు మొదట చేతులెత్తినవాళ్లకి ఎక్కువ పనికొస్తాయి. మిగతావాళ్లకీ చెప్పాల్సినవి ఉన్నాయి, కాస్త ఆగండి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. గ్యారేజ్‌లో కారు లిఫ్ట్, అంటే కారుని పైకి లేపి పట్టుకునే యంత్రం, పెట్టుకోవాలన్న ఆలోచన మనసులో ఏ మూలన ఉన్నా సరే, ఎత్తు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. లిఫ్ట్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు, పిల్లల చదువులయ్యాక కొనుక్కోవచ్చు. ఎత్తు అలా కాదు. ఇప్పుడైతే గోడకి ఇంకో రెండడుగుల కట్టె, ఇంకొంచెం ఇటుక, అంతే. తర్వాతైతే పైకప్పు విప్పాలి.

ముందు అసలు ప్రశ్న. లిఫ్ట్ దేనికి? కారు కింద నిలబడి పని చేసుకోవడానికా, ఒక కారు కింద ఇంకో కారు పెట్టుకోవడానికా? ఈ రెండూ వేర్వేరు పనులు, వాటి లెక్కలూ వేరు. పని చేసుకోవడానికైతే టూ పోస్ట్ బాగుంటుంది. రెండు స్తంభాలు, నాలుగు చేతులు, కారుని పక్కల నుంచి పట్టుకుని లేపుతుంది, చక్రాలు గాల్లో ఉంటాయి. బ్రేకులు, సస్పెన్షన్, ఏ పనికైనా అడ్డం ఉండదు. కార్లు దాచుకోవడానికైతే ఫోర్ పోస్ట్. నాలుగు స్తంభాలు, రెండు పట్టీలు, కారు వాటిమీదికి ఎక్కేస్తుంది, లిఫ్ట్ పట్టీలతో సహా లేపుతుంది. ఇవి కాక తక్కువ ఎత్తు లేపే సిజర్ లిఫ్టులున్నాయి, పని అయ్యాక మడిచి గోడకి ఆనించి పెట్టుకునేవీ ఉన్నాయి. ఎనిమిదడుగుల సీలింగ్ ఉన్న పాత ఇళ్లవాళ్లకి అవే గతి. ఆయిల్ మార్చుకోవడానికి, టైర్లు తిప్పుకోవడానికి అవి చాలు కూడా. వాటి గురించి ఇంతకన్నా చెప్పను.

ఇప్పుడు సీలింగ్. బిల్డర్ని అడిగితే గ్యారేజ్ పదడుగులండీ అంటాడు. ఏ పదడుగులు? ఎక్కడ నుంచి ఎక్కడికి? ఇది అడగండి. ఎందుకంటే గ్యారేజ్ నేల సమతలంగా ఉండదు. కారు నుంచి కారే నీళ్లూ నూనే బయటికి పోవాలి కాబట్టి నేల తలుపు వైపు వాలుగా పోస్తారు, ఇక్కడి బిల్డింగ్ కోడే అలా అడుగుతుంది. మామూలుగా అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు వాలు. ఇరవై రెండడుగుల లోతున్న గ్యారేజ్‌కి లెక్క వేయండి, ముందుకీ వెనక్కీ దాదాపు మూడంగుళాల తేడా. ఆ మూడంగుళాలు కాగితం మీద ఎక్కడా కనపడవు. లిఫ్ట్ ఎక్కడ నిలబడుతుందో అక్కడ కొలవాలి, తలుపు దగ్గర కాదు.

సరే, సీలింగ్ దాకా కొలిచాం. అయిపోయిందా? అవలేదు. సీలింగ్‌కి ఏం వేలాడుతోంది? గ్యారేజ్ తలుపు మోటారు, దాని కడ్డీ. ట్యూబ్ లైట్లు. మన టెక్సస్ ఇళ్లలో అటిక్ (కప్పు కింది అటక) మెట్లు చాలాసార్లు గ్యారేజ్ సీలింగ్‌లోనే ఉంటాయి, అవి కిందికి దిగాలి. ఏసీ డక్ట్ అడ్డంగా పోయిందనుకోండి, దానికో పెట్టె కట్టి కిందికి దించేస్తారు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది, ఎవరూ అటు చూడరు. తెరిచిన గ్యారేజ్ తలుపు.

ఇంటికెళ్లాక ఈ పని చేయండి. గ్యారేజ్ తలుపు పూర్తిగా పైకి తెరిచి, లోపల నిలబడి, టేపు పెట్టి నేల నుంచి ఆ తలుపు అడుగు దాకా కొలవండి. ఏడడుగుల తలుపైతే ఏడడుగుల చిల్లర, ఎనిమిదడుగుల తలుపైతే ఎనిమిదడుగుల చిల్లర. మీ సీలింగ్ పన్నెండడుగులుండనివ్వండి, పద్నాలుగుండనివ్వండి, తలుపు తెరిస్తే అది సీలింగ్‌కి నాలుగు నుంచి ఆరేడడుగుల కింద అడ్డంగా పడుకుంటుంది. గ్యారేజ్ సగం లోతు దాకా వస్తుంది. లేపిన కారు పైకప్పు దానికి తగులుతుంది. అంటే కారు పైన ఉన్నంతసేపూ తలుపు తెరవకూడదు. తెరిచి ఉంటే కారు లేపకూడదు. ఆగస్టులో, నూటనాలుగు డిగ్రీల ఎండలో, తలుపు మూసుకుని పని చేస్తారా?

దీనికి పరిష్కారం ఉంది. హై లిఫ్ట్ ట్రాక్ అంటారు. తలుపు దారి గోడవెంట ఇంకా పైకి నిటారుగా వెళ్లి, సీలింగ్ దగ్గర వంపు తిరుగుతుంది. ఎనిమిదడుగుల తలుపు, పన్నెండడుగుల గోడ అనుకోండి, వంపుకి కావాల్సింది పోను మిగతాదంతా తలుపు పైకి వెళ్లడానికి దొరుకుతుంది. మోటారు కూడా మారాలి. మధ్యలో వేలాడే మోటారు బదులు తలుపు పక్కన గోడకి బిగించే మోటారు, అది స్ప్రింగు ఉన్న ఇరుసునే తిప్పుతుంది. దానికి గోడ మీద, తలుపు పైమూల దగ్గర కరెంటు ప్లగ్గు కావాలి, వైరింగ్ జరుగుతున్నప్పుడే చెప్పండి. ఇంకో మాట, ట్రాక్ మారిస్తే కేబుల్ చుట్టుకునే డ్రమ్ములు, స్ప్రింగులు కూడా దానికి తగ్గవే పడాలి. తలుపు బరువు మోసే ఆ టార్షన్ స్ప్రింగుల జోలికి మాత్రం మీరు పోకండి. యూట్యూబ్ చూసి చేసేద్దాం అనుకునే పని కాదది, బిగించి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది. తలుపులవాళ్లనే పిలవండి.

ఇప్పుడు లెక్క. బోర్డు మీద రాస్తున్నాను, ఫోన్లో ఫొటో తీసుకోండి. ముందు ఫోర్ పోస్ట్. కింద క్యామ్రీ, పైన మస్టాంగ్. మనవాళ్లలో చాలామందికి ఉండే జోడీ ఇది, ఆఫీసుకి ఒకటి, మనసుకి ఒకటి. క్యామ్రీ ఎత్తు 57 అంగుళాలు. దాని పైన ఓ మూడంగుళాల సందు. నెత్తిమీద షార్క్ ఫిన్ యాంటెన్నా ఉంటుంది కదా, అది గుర్తుపెట్టుకోండి. లిఫ్ట్ పట్టీ మందం ఐదంగుళాలు వేసుకోండి. మస్టాంగ్ 55. పైన సీలింగ్‌కి ఇంకో మూడు. మొత్తం 123. అంటే పదడుగుల మూడంగుళాలు. పదడుగుల సీలింగ్‌లో పట్టదు. చూశారా? మూడంగుళాలతో పోయింది. అదే పైన కొత్త కార్వెట్ అయితే 49 అంగుళాలే, అప్పుడు 117, తొమ్మిదడుగుల తొమ్మిది. పడుతుంది. అందుకే ఏ కారు అన్నది ముందు తేలాలి.

ఇందులో ఇంకో చిన్న మెలిక ఉంది. లిఫ్ట్‌ని హైడ్రాలిక్ మీద వదిలేయం, లేపాక కాస్త దించి లాక్ మీద కూర్చోబెడతాం. ఆ లాక్‌లు నిచ్చెన మెట్లలా దూరం దూరంగా ఉంటాయి, చాలా మోడళ్లలో మూడు నాలుగు అంగుళాలకొకటి. మీకు సరిగ్గా అరవై అంగుళాలు కావాలి, అక్కడ లాక్ లేదు, తర్వాతది అరవై మూడు దగ్గరుంది. అప్పుడు పై కారు ఆ మూడంగుళాలూ ఎక్కువ లేవాల్సిందే. కాబట్టి లెక్క వేసిన దానికి ఇంకో నాలుగంగుళాలు కలపండి. అలా చూస్తే ఇందాకటి కార్వెట్ కూడా 121, పదడుగుల్లో బొటాబొటే.

ఎస్‌యూవీలున్నవాళ్లు అడుగుతారని తెలుసు. హైలాండర్ 68 అంగుళాలు. హైలాండర్ మీద హైలాండర్ పెట్టాలంటే 68, 3, 5, మళ్లీ 68, 3. మొత్తం 147. పన్నెండడుగుల మూడు. దానికి మామూలు ఫోర్ పోస్ట్ చాలదు, స్తంభాలు పొడుగున్న మోడల్ తీసుకోవాలి, ఎందుకంటే ఇళ్లకి అమ్మే మామూలువి డెబ్బై అంగుళాల దగ్గర ఆగిపోతాయి. నా మాట వింటే రెండు ఎస్‌యూవీలని ఒకదానిమీద ఒకటి పెట్టే ఆలోచన మానుకోండి. ఎస్‌యూవీ కింద, తక్కువ ఎత్తు కారు పైన.

టూ పోస్ట్‌కి వద్దాం. ఇక్కడ చూడాల్సింది కింద కారు కాదు, కింద మనిషి. మీరు ఐదడుగుల తొమ్మిది ఉన్నారనుకోండి. తల తగలకుండా నిలబడాలంటే కారు అడుగు ఆరడుగుల ఎత్తులో ఉండాలి, 72 అంగుళాలు. క్యామ్రీ అడుగు నేలకి ఇంచుమించు ఆరంగుళాలుంటుంది, అంటే 66 అంగుళాలు లేపాలి. 57కి 66 కలిపితే 123. మళ్లీ పదడుగుల మూడే. హైలాండర్ నేలకి ఎనిమిదంగుళాలుంటుంది కాబట్టి 64 లేపితే చాలు, 68 ప్లస్ 64, 132, పదకొండడుగులు. సబర్బన్ లాంటి పెద్ద బండ్లకి పన్నెండు దగ్గరికి పోతుంది. అందుకే పన్నెండు అంటాను. పన్నెండడుగులు ఖాళీగా, అడ్డం ఏమీ లేకుండా ఉంటే టూ పోస్ట్‌కి ఇంక ఆలోచించక్కర్లేదు.

పదడుగులే ఉన్నవాళ్లు ఏం చేయాలి? టూ పోస్ట్‌లో రెండు రకాలున్నాయి. ఒకదానికి రెండు స్తంభాలని కలుపుతూ పైన అడ్డకర్ర ఉంటుంది, కేబుళ్లు, గొట్టాలు పైనుంచి పోతాయి, నేల ఖాళీగా ఉంటుంది. వాటి ఎత్తు చాలావాటికి పదకొండున్నర నుంచి పన్నెండు దాకా. రెండోదానికి పైన ఏమీ ఉండదు, స్తంభాల మధ్య నేలమీద రేకు కింద నుంచి కేబుళ్లు పోతాయి. అది తొమ్మిది, తొమ్మిదిన్నర అడుగుల్లో అయిపోతుంది, పదడుగుల గ్యారేజ్‌లో నిలబడుతుంది. క్యామ్రీని అరవై అంగుళాలు లేపుకోవచ్చు. కొంచెం తల వంచుకుని పని చేయాలి, లేకపోతే చక్రాల స్టూల్ మీద కూర్చుని చేయాలి, అయినా నేలమీద వీపు మీద పడుకుని చేసేదానికి ఎంతో నయం. ఒక్కటి జాగ్రత్త. అడ్డకర్ర ఉన్నవాటిలో కారు పైకప్పు తగిలే ముందు మోటారు ఆగిపోయేలా ఒక కడ్డీ ఉంటుంది. ఇందులో అది ఉండదు. బటన్ మీద చేయి, సీలింగ్ మీద కన్ను, అలా లేపాలి.

ఇప్పుడు ప్లాన్ చేతిలో ఉన్నవాళ్లకి. మీ గ్యారేజ్ మీద ఏముంది? ఇక్కడి రెండంతస్తుల ఇళ్లలో చాలావరకు గ్యారేజ్ మీద గేమ్ రూమో, బెడ్‌రూమో ఉంటుంది. దాని కింద ఎత్తు పెంచాలంటే పై గది నేల కూడా పైకి జరగాలి, మెట్లు మారాలి, ఇల్లంతా మారుతుంది. బిల్డర్ ఒప్పుకోడు. కానీ మూడు కార్ల గ్యారేజ్ అయితే ఆ మూడో బే, అంటే మూడో కారు చోటు, సాధారణంగా పక్కకి పొడుచుకుని ఉంటుంది, దాని మీద కప్పు తప్ప ఇంకేమీ ఉండదు. అడగాల్సింది అక్కడ. ఆ ఒక్క బేకి గోడలు పెంచమనండి, లేదా సీలింగ్‌ని కప్పు వాలుతోపాటు పైకి తీసుకెళ్లే ట్రస్సులు, అంటే కట్టెలు త్రికోణాలుగా బిగించిన కప్పు చట్రాలు, వేయమనండి. సిజర్ ట్రస్ అంటే వాళ్లకి అర్థమవుతుంది. గోడ పదడుగులు దాటితే కట్టె లెక్క బిల్డింగ్ కోడ్ మామూలు పట్టికల్లోంచి బయటికి పోతుంది, ఇంజనీర్ సంతకం కావాలి. బిల్డర్ దాన్ని పెద్ద విషయంలా చెప్తాడు, భయపడకండి, అదొక కాగితం.

స్థలం వాలుగా ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. కప్పు పెంచే బదులు గ్యారేజ్ నేలని ఒకటిన్నర అడుగు దించడం. ఇంట్లోకి మెట్లు రెండు మూడు పెరుగుతాయి, అవి గ్యారేజ్ చోటే తింటాయి. డ్రైవ్‌వే వాన నీళ్లు లోపలికి రాకుండా కూడా చూసుకోవాలి. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్లవాళ్ల సంఘం, ఇంటి ఎత్తు మీద పట్టుబట్టే చోట ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే బయటనుంచి చూస్తే ఏమీ మారదు.

ఇల్లు కట్టేసినవాళ్లూ, మీ వంతు. కప్పులో ట్రస్సులుంటే వాటి కింది కట్టెని కొయ్యకండి. కొయ్యకండి అని రెండుసార్లు చెప్తున్నాను, ఎందుకంటే హ్యాండీమ్యాన్‌ని పిలిస్తే రంపం తీసుకుని సిద్ధంగా ఉంటాడు. ఆ కింది కట్టె విల్లుకి నారి లాంటిది. అది తెగితే కప్పు కాళ్లు చాపుతుంది, గోడల్ని బయటికి నెడుతుంది. ట్రస్ కాకుండా విడివిడి కట్టెలతో కట్టిన పాత కప్పైతే ఆ అడ్డకట్టెల్ని కొంత పైకి జరిపే వీలుండొచ్చు, అది కూడా ఇంజనీర్ వచ్చి చూసి, లెక్క వేసి ఇస్తేనే.

ఇక నేల. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇది మన డాలస్‌వాళ్లకి ప్రత్యేకం. ఇక్కడ మట్టి చూశారు కదా, మన నల్లరేగడే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్లు తెరుస్తుంది. అందుకని ఇక్కడి పునాదులు చాలావరకు పోస్ట్ టెన్షన్ స్లాబులు. కాంక్రీట్ లోపల ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కు కేబుళ్లు పరిచి, కాంక్రీట్ గట్టిపడ్డాక వాటిని జాకీ పెట్టి లాగి బిగిస్తారు. ఒక్కో కేబుల్‌ని బిగించేటప్పుడు పెట్టే బలం దాదాపు 33 వేల పౌండ్లు. ఇప్పుడు టూ పోస్ట్ లిఫ్ట్‌ని ఎలా నిలబెడతాం? నేలలోకి ముప్పాతిక అంగుళం రంధ్రాలు వేసి బోల్టులు దింపి. ఆ డ్రిల్లు కేబుల్‌కి తగిలిందా, మనిషి ప్రాణానికే ప్రమాదం, పునాదికీ దెబ్బ.

మీ గ్యారేజ్ నేలని ఒకసారి చూడండి, మామూలుగా తలుపు దగ్గర, కాంక్రీట్ తడిగా ఉన్నప్పుడు అచ్చు గుద్దిన అక్షరాలుంటాయి, పోస్ట్ టెన్షన్ స్లాబ్, కొయ్యకూడదు, తవ్వకూడదు అని. దుమ్ము పట్టి ఉంటుంది, చీపురుతో ఊడిస్తే కనపడుతుంది. ఆ అచ్చు ఉంటే కేబుళ్లు ఎక్కడున్నాయో రాడార్‌తో స్కాన్ చేయించకుండా ఒక్క రంధ్రం కూడా వద్దు. ఇంకా పునాది పోయనివాళ్లు అదృష్టవంతులు. లిఫ్ట్ స్తంభాలు వచ్చే చోటు ఇంజనీర్‌కి ముందే చెప్పండి, అక్కడ కాంక్రీట్ మందం పెంచి, కేబుళ్లని దూరంగా జరిపి గీస్తాడు. కాంక్రీట్ లారీ వచ్చే ముందు రోజు సాయంత్రం సైట్‌కి వెళ్లి, కాంక్రీట్ పోయడానికి చుట్టూ కట్టిన ఫారం చెక్క దగ్గర నుంచి టేపు పరిచి, కేబుళ్లతో కలిపి ఫొటోలు తీసుకోండి. ఆ ఫొటోలు ఇంటి దస్తావేజులతోపాటు దాచుకోండి.

మందం సంగతికొస్తే, చాలా టూ పోస్ట్ కంపెనీలు కనీసం నాలుగంగుళాల పైచిలుకు మందం, 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం అడుగుతాయి, కొన్ని ఆరంగుళాలు కూడా అడుగుతాయి. మీరు కొనబోయే మోడల్ మాన్యువల్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. కొత్త కాంక్రీట్ 28 రోజులు ఆరాకే బోల్టులు. పగులు పక్కన, స్లాబ్ అంచు పక్కన బోల్టు వద్దు. ఫోర్ పోస్ట్‌కి ఈ గొడవ తక్కువ, చాలా మోడళ్లు బోల్టు లేకుండానే నిలబడతాయి. నిజానికి పోస్ట్ టెన్షన్ స్లాబ్ ఇప్పటికే పోసేసి ఉంటే, నన్నడిగితే ఫోర్ పోస్టే మంచిది.

కరెంటు గబగబా చెప్పేస్తాను. టూ పోస్ట్‌కి మామూలుగా 220 వోల్టులు, 30 ఆంప్స్ విడి బ్రేకర్. ఈవీ చార్జర్ లైను వేరే, రెండూ కలపకండి. లైట్లు సీలింగ్‌లోనే పెడితే కారు లేవగానే కింద చీకటి. గోడలకి, నడుము ఎత్తులోనూ తల ఎత్తులోనూ పెట్టించుకోండి.

ఆ, చివరి వరుసలో అక్క అడుగుతున్నారు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇదంతా ఎందుకు అని. మంచి ప్రశ్న అక్కా. మీ భయం సరైనదే. మూడు పనులు చేయండి. లిఫ్ట్ కరెంటు స్విచ్‌కి తాళం పడేలా పెట్టించండి, తాళంచెవి ఇంటి లోపల ఉండాలి. లిఫ్ట్ కదులుతున్నంతసేపూ గ్యారేజ్‌లో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు, కుక్కపిల్ల కూడా. లేపిన కారు ఎప్పుడూ లాక్ మీదే ఉండాలి, హైడ్రాలిక్ మీద ఒక్క నిమిషం కూడా వదలొద్దు. కొనేటప్పుడు ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ బంగారు రంగు లేబుల్ ఉందా చూడండి. 1945 నుంచి ఉన్న సంస్థ అది, బయటి ల్యాబులో పరీక్షించి పాసైన మోడళ్లకే ఆ లేబుల్ ఇస్తారు. అది లేకుండా చవగ్గా ఆన్‌లైన్లో దొరికేవి వద్దు. మీ మనిషి కింద నిలబడే వస్తువు అక్కా, అక్కడ ఐదారు వందలు మిగుల్చుకోవద్దు.

ఇంకొకరు హైదరాబాద్‌లో నాన్నగారి ఇంటి స్టిల్ట్‌లో పెట్టొచ్చా అంటున్నారు. కొలవండి, కానీ స్లాబ్ దాకా కాదు, దూలం అడుగు దాకా. అక్కడ ఆర్‌సీసీ దూలాలు స్లాబ్ కంటే అడుగు పైనే కిందికి దిగి ఉంటాయి. ఆ దూలాన్ని ఎవరూ పైకి జరపలేరు. రెండు దూలాల మధ్య కారు పడితే స్లాబ్ దాకా వాడుకోవచ్చు, లేకపోతే లేదు.

ప్లాన్లు తెచ్చినవాళ్లు ఆ పక్క బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరివీ చూద్దాం. పైనుంచి గీసిన ఫ్లోర్ ప్లాన్ కాదు, ఇంటిని నిలువునా కోసి చూపించే సెక్షన్ షీట్ తీసి పెట్టండి, గ్యారేజ్ మీద ఏముందో అందులోనే తెలుస్తుంది. మీ కార్ల ఎత్తులు తెలియకపోతే టేపు నా దగ్గరుంది, పార్కింగ్‌లోకి వెళ్లి కొలుచుకు రండి.